తుండుగుడ్డ కింద మాట

విశాఖపట్నం
12 నవంబరు 2024

హయాత్ మామకి,

నీ మేనకోడలు ముబీన్ సలాం. ఫోన్ చేస్తే నువ్వు అవతల వేలితో టకటకా కొట్టడం, ఒకసారైతే అవునని, రెండుసార్లయితే కాదని నేను అర్థం చేసుకోవడం, ఈ సంభాషణతో నాకు విసుగొచ్చింది. గడ్డ వచ్చి ఆపరేషన్‌లో నీ గొంతు తీసేసి రెండేళ్ళయింది గానీ చేతిరాత ఎవరూ తీసెయ్యలేదు కదా. అందుకని ఇకనుంచి ఉత్తరాలే.

ఈ ఏడాది మాకు లా కాలేజీలో అంతర్జాతీయ మధ్యవర్తిత్వం నేర్పుతున్నారు. ఒక దేశం కంపెనీకీ ఇంకో దేశం కంపెనీకీ తగాదా వస్తే, కోర్టుకి వెళ్ళకుండా ఇద్దరూ ఒప్పుకున్న ముగ్గురు మధ్యవర్తుల ముందు తేల్చుకుంటారు. వాళ్ళు రాసిన తీర్పుకి ఇద్దరూ కట్టుబడాలి. అంతకుముందే బేరమాడి రాజీకి రావడం ఎలాగో కూడా నేర్పుతారు. చెప్పేది చైతన్యకృష్ణ గారు. సింగపూర్‌లో పదేళ్ళు ఇదే పని చేసి వచ్చారు. మొదటిరోజే, "మీ ఇళ్ళలో బేరాలు చేసేవాళ్ళున్నారా?" అని అడిగారు. మా మామ పశువుల సంతలో దళారి, తుండుగుడ్డ కింద వేళ్ళతో బేరం కుదురుస్తాడు అని లేచి చెప్పాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. వివరంగా రాసి తెమ్మన్నారు.

ఇంకో పని కూడా ఇచ్చారు. ప్రతి ఒక్కరం మనకు తెలిసిన నిజం తగువు ఒకటి తేవాలి. మనుషుల పేర్లు తీసేసి కంపెనీల పేర్లు పెడతాం. ముగ్గురు కూర్చుని రెండు పక్షాలూ విని తీర్పు రాస్తారు. నాకు మనింటి తగువు తప్ప ఏం తెలుసు? నువ్వూ అమ్మా మాట్లాడుకోక పన్నెండేళ్ళు. అమ్మమ్మకి పక్షవాతమొచ్చి నోరు పడిపోయినప్పుడు, తల ఆపరేషన్ చేస్తే బతకొచ్చని గుంటూరులో డాక్టర్లు చెబుతున్నా వినకుండా ఇంటికి తెచ్చేశావని, నాలుగోరోజు ఆమె పోయిందని అమ్మ చెబుతుంటే చిన్నప్పటి నుంచి వింటున్నాను. నీ పక్షం ఒక్కసారీ వినలేదు. రాస్తావా మామా?

నీ ముబీన్


వినుకొండ దగ్గర, మన ఊరు
21 నవంబరు 2024

ముబీనుకి,

సంత నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, నీ ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్న మామ రాసేది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకు అసలు నోరే లేదు గనక ఊరు మరీ మంచిదైపోయింది. ఇప్పుడు రైతులు నన్నే కోరి పిలుస్తున్నారు. మాట పెగలని దళారి మాయమాటలు చెప్పలేడని వాళ్ళ ధీమా. మాయంతా వేళ్ళలోనే ఉందని తెలియదు పాపం.

మీ సారుకి ఇలా చెప్పు. చేతుల మీద తుండుగుడ్డ కప్పుతాం. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు. వేలు మధ్యలో నొక్కితే సగం. రైతుకి ధర గిట్టక విసిగిపోతే నా అరచేతిలో గోటితో అడ్డంగా ఒక గీత గీస్తాడు. "చాలు, ఇంటికి తోలుకుపోతా" అని దానర్థం. ఆ గీత పడ్డాక ఇంకాస్త ఇస్తానని కూడా అనకూడదు, ఎద్దుల తాడు విప్పి ఆయన చేతిలో పెట్టాలి. చివర్లో ఎదుటివాడి వేళ్ళు మూసి గుప్పిట కట్టామంటే, ఇది మన మధ్యే అని. మీ తాత నాకు ఇవన్నీ పదో ఏట నేర్పాడు. పక్కన కూర్చున్న మీ అమ్మ నాకంటే ముందే నేర్చుకుంది. మీ అమ్మమ్మకైతే కొట్టిన పిండి. వంటింట్లో చేతులు ఖాళీ లేనప్పుడు కూడా మోచేత్తో బేరాలాడేది.

గుడ్డ ఎందుకంటే, ధర దాచడానికని అందరూ అనుకుంటారు. కాదు. రైతు అవసరం దాచడానికి. బోరు ఎండిందనో, మిర్చికి తెగులొచ్చిందనో ఆయన ధర తగ్గించుకుని ఉంటాడు. అది ఊరికి తెలియకూడదు. గుడ్డ కింద మాట గుడ్డ కిందే ఉండాలి. కన్నతండ్రి అడిగినా చెప్పకూడదు.

ఇక రెండో సంగతి. మా తగువు మధ్యవర్తుల్లో పెడుతున్నావని చదివాను. పేర్లు తీసెయ్యడం మంచి పని, పరువు దక్కుతుంది. పిల్లకాయలు మన తగువు తీర్చడమేమిటని మొదట అనుకున్నాను. తర్వాత, పెద్దాసుపత్రిలో నేర్చుకునే డాక్టర్లు మాత్రం నిజం రోగుల్ని చూడరా, పక్కన పెద్ద డాక్టరు ఉంటాడు గదా అని సమాధానపడ్డాను. అక్క కూడా ఒప్పుకునే ఉంటుంది. ఇద్దరూ ఒప్పుకోందే మధ్యవర్తులు కూర్చోరు కదా. పన్నెండేళ్ళకి అక్క ఇంత దూరం వచ్చిందంటే నాకు అదే చాలు.

నా పక్షం రాసుకో. అమ్మను ఇంటికి తెచ్చింది నేనే. డాక్టర్లు వద్దన్న మాట నిజం. ఎందుకు తెచ్చానో చెప్పను. మట్టిచేసిన రోజు అక్క అందరి ముందూ, "పశువును తోలుకొచ్చినట్టు తోలుకొచ్చి చంపావురా" అంది. దానికీ నేను బదులు చెప్పలేదు. అప్పుడు నాకు గొంతు ఉంది. ఇంతే నా వాంగ్మూలం.

మీ మామ హయాత్


విశాఖపట్నం
10 డిసెంబరు 2024

మామా,

నీ తుండుగుడ్డ మా క్లాసులో పెద్ద పేరు సంపాదించింది. చైతన్యకృష్ణ గారు తన కండువా తీసి మా క్లాసు కోటేష్ చేతుల మీద కప్పి మరీ చూపించారు. "గోప్యత గురించి నేను నెలరోజులు చెప్పాల్సింది ఈయన నాలుగు వాక్యాల్లో చెప్పారు" అన్నారు. నాకు ఎంత గర్వంగా ఉందో రాయలేను.

మన తగువు కూడా నిన్న పూర్తయింది. నీ తరఫున కోటేష్ మాట్లాడాడు. నరసరావుపేట కుర్రాడు, గట్టివాడే. అమ్మ తరఫున నేనే మాట్లాడాను. మనసు ఎటువైపు ఉంటే దానికి ఎదుటి పక్షం తీసుకోవాలని మా సారు నియమం. అందుకే నీకు ఎదురుగా నిలబడ్డాను. ఏమీ అనుకోకు.

మధ్యవర్తుల్లో పెద్ద శ్రీరమ్య. తీర్పు ఇంగ్లీషులో ఉంది, కాపీ ఇందులో పెడుతున్నాను. సారాంశం తెలుగులో ఇదీ: ప్రతివాది తన నిర్ణయానికి కారణం ఏనాడూ చెప్పలేదు. కారణం చెప్పని మౌనం తప్పు ఒప్పుకున్నట్టే. కాబట్టి ప్రతివాది ముప్పై రోజుల్లోపు వాది ఇంటికి స్వయంగా వెళ్ళి, తప్పు ఒప్పుకోవాలి.

నేను గెలిచాను మామా. గెలిచినందుకు హాస్టల్‌లో అందరికీ పునుగులు కొనిపెట్టాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో బెంగళూరులో పెద్ద పోటీ ఉంది, జట్టులోకి నన్ను తీసుకున్నారు. మెడ దగ్గర తడిబట్ట కట్టుకోవడం మానకు. మిర్చి కళ్ళాల వైపు అసలు వెళ్ళకు, ఆ ఘాటు నీకు పడదు. ఆసుపత్రిలో మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి?

ముబీన్


మన ఊరు
2 జనవరి 2025

ముబీనుకి,

తీర్పు ప్రకారం నడుచుకుని వచ్చిన మీ మామ రాసేది. మీ మధ్యవర్తులకి చెప్పు, ఇరవయ్యో రోజునే వెళ్ళాను. గడువు దాటలేదు.

సోమవారం తెల్లారుజామున బయల్దేరి అద్దంకి మీదుగా ఒంగోలు, అక్కడినుంచి చీమకుర్తి. గ్రానైటు లారీల దుమ్ము, ఊపిరి పీల్చుకునే మెడ చిల్లులోకి పోయి దగ్గు ఆగలేదు. బస్సులో ఒకామె తన పిల్లాడి మంచినీళ్ళతో బట్ట తడిపి ఇచ్చింది. ఉతికిన చొక్కా వేసుకున్నాను. తీర్పు కాగితం మడత పడకుండా అట్టలో పెట్టుకున్నాను.

అక్క వాకిట్లో కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేచింది. కాగితం ఇచ్చాను. ఇంగ్లీషు గదా, తిప్పి చూసి ఎదురింటి శ్యామ్ సుందర్ మాస్టారిని పిలిచింది. ఆయన చదివి తెలుగులో చెప్పాడు. వింటుంటే అక్క ముఖం మారిపోయింది. "ఇదంతా ఎవరు రాశారు? నా కూతురా? మా అమ్మ చావు తీసుకుపోయి కాలేజీలో పెట్టిందా?" అంది. అప్పుడు తెలిసింది ముబీనూ, అక్కకి ఏమీ తెలియదని.

అయినా తీర్పు తీర్పే గనక తప్పు ఒప్పుకుందామని రెండు చేతులూ జోడించాను. మాట రాదు గదా. తలెత్తేసరికి మెడ మీద బట్ట జారిపోయి ఉంది. అక్క ఆ చిల్లు వంక చూసింది. చూసి లోపలికెళ్ళి తలుపేసుకుంది. అరగంట నిలబడ్డాను. తియ్యలేదు. నా మీద అసహ్యం ఇంకా పోలేదని అర్థమైంది. మాస్టారు బండి మీద బస్టాండులో దింపాడు.

ఆసుపత్రిలో చూపించుకోవాల్సింది ఆ సోమవారమే. తీర్పు ముఖ్యమని ఇటు వచ్చాను. ఆ చీటీ పై వారానికి మార్పించుకుంటానులే.

నువ్వు అక్కను అడక్కుండానే ఎందుకు పెట్టావో రాయి. కోపం కాదు. తెలుసుకుందామని.

మామ


విశాఖపట్నం
8 జనవరి 2025

మామా,

నీ ఉత్తరం చదివి నేను క్లాసుకి వెళ్ళలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. అది నిజం తీర్పు కాదు. అది సాధన. మేం నేర్చుకోవడానికి ఆడుకున్న ఆట. అందుకే కంపెనీల పేర్లు పెట్టాం. శ్రీరమ్యకి ఇరవై రెండేళ్ళు. ఆ తీర్పుకి నువ్వు కట్టుబడక్కర్లేదు, ఎవరూ కట్టుబడక్కర్లేదు. మొదటి ఉత్తరంలోనే తేటగా రాయాల్సింది. అమ్మ కూడా ఒప్పుకునే ఉంటుందని నువ్వు రాశావు, నేను ఆ ముక్క చదివి కూడా బదులివ్వలేదు. పోటీ గోలలో పడిపోయాను. నా తప్పే మామా, కాళ్ళు పట్టుకుంటాను.

అమ్మ నాకు ఫోన్ చేసి, "మీ అమ్మమ్మను అమ్ముకుని మార్కులు తెచ్చుకున్నావా?" అని ఒకే మాట అని పెట్టేసింది. ఆ తర్వాత నేను చేసినా ఎత్తడం లేదు.

ఒక్క మాట అడుగుతాను. అమ్మమ్మను ఎందుకు తెచ్చావు? ఆ ఒక్కటి చెబితే అన్నీ సరిపోతాయి. నేను అమ్మకి చెబుతాను, ఆమె వింటుంది. ఖర్చుకి భయపడి తెచ్చావని ఊళ్ళో అంటారు. నేను నమ్మను. నీ నోటితో, అదే, నీ చేతితో చెప్పు.

నీ ముబీన్


గుంటూరు
17 జనవరి 2025

ముబీనుకి,

ఆసుపత్రి మంచం మీద కూర్చుని మామ రాసేది.

ఆటేనా. గుడ్డి ఎద్దు చేలో పడ్డట్టు నేనే వెళ్ళి పడ్డానన్నమాట. రాత్రి తలుచుకుంటే నవ్వొచ్చింది. నా నవ్వు ఈలలాగా బయటికొస్తుంది, పక్క మంచం యలమందయ్య నర్సును పిలిచాడు.

నువ్వు ఏడవకు. ఆటైనా ఆ పిల్లలు రాసింది అబద్ధం కాదు. కారణం చెప్పని మౌనం తప్పులాగే కనిపిస్తుంది. నేను మధ్యవర్తినైనా అలాగే రాద్దును. పైగా నీ ఆట పుణ్యమా అని అక్కను అరగంట కాకపోయినా రెండు నిమిషాలు చూశాను. లేకపోతే వెళ్ళేవాణ్ణా?

ఎందుకు తెచ్చానో అడగొద్దు. నేను చెప్పదగిన మాటైతే పన్నెండేళ్ళ కిందటే అక్కకి చెప్పేవాణ్ణి. ఒకళ్ళు నన్ను నమ్మి ఇచ్చిన మాట అది. వాళ్ళు తిరిగొచ్చి, "చెప్పుకోరా" అంటే తప్ప నేను విప్పలేను. ఇది నా మొండితనం కాదు, నా పని.

మెడలో గడ్డ మళ్ళీ వచ్చిందట. ఇంకో ఆపరేషన్, ఈసారి పెద్దది అంటున్నారు. చేస్తే కొన్నాళ్ళు లాగుతుందట. మీ అమ్మకి చెప్పొద్దు. ఈ మాట మన మధ్యే. గుప్పిట కట్టాననుకో.

బెంగళూరులో ఎదుటివాడి కళ్ళ వంక చూడకు, చేతుల వంక చూడు. ముఖం అబద్ధమాడినట్టు చెయ్యి ఆడలేదు.

మామ


విశాఖపట్నం
24 ఫిబ్రవరి 2025

అమ్మా,

నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేకపోతున్నాను, గొంతు వింటే ఏమంటానో నాకే భయంగా ఉంది. అందుకే రాస్తున్నాను.

మామ చెప్పొద్దన్నా నీకు ఉత్తరం రాసి చెప్పింది నేనే. నువ్వు వెంటనే గుంటూరు పరిగెత్తావని తెలిసి ఎంత సంతోషించానో. పన్నెండేళ్ళ తర్వాత మా వాళ్ళిద్దరూ ఒక గదిలో ఉన్నారని బెంగళూరులో అందరికీ చెప్పుకున్నాను. పోటీ రెండు రోజులూ ఫోన్లు తీసుకుని దాచేశారు. తెరిచేసరికి మామ లేడు. మన ఊరికి వచ్చేసరికి మట్టి కూడా అయిపోయింది. ఆఖరుచూపు దక్కలేదు.

పక్క మంచం యలమందయ్య గారి కొడుకు చెప్పాడు. డాక్టర్లు ఆపరేషన్ చేస్తామన్నారట. నువ్వే వద్దని కాగితం మీద గబగబా సంతకం పెట్టి, నాకు మాట మాత్రం చెప్పకుండా ఇంటికి తీసుకొచ్చావట. ఆరోరోజున పోయాడు. వాకిట్లో అందరి ముందూ ఎందుకని అడిగితే, "నేనే వద్దన్నాను" అని తల దించుకున్నావు గానీ ఇంకో మాట అనలేదు.

మామ తన తల్లికి చేశాడని ఏ పని గురించి పన్నెండేళ్ళు మాటలన్నావో, అదే పని నువ్వు మామకి చేశావు. ఆయన గురించి నేను నీ తరఫున వాదించి గెలిచాను. ఆ గెలుపు తలుచుకుంటే అన్నం సయించడం లేదు. నాకు కొన్నాళ్ళు రాయకు.

ముబీన్


చీమకుర్తి
4 మార్చి 2025

ముబీనా,

రాయొద్దన్నావు గానీ రాస్తున్నాను. నేను చదివింది అయిదో తరగతి, తప్పులుంటే దిద్దుకో. ఇవాళ రంజాన్ మూడో రోజా. పొద్దున్నే కూర్చుంటే సాయంత్రానికి ఇంత అయింది.

ముందు తలుపు సంగతి. హయాత్ ఇక్కడికొచ్చినప్పుడు అసహ్యించుకుని వేసుకున్నానని నీకు రాశాడట, నువ్వే చెప్పావు. వాడి మెడలో చిల్లు నేను అంతకుముందు చూడలేదు. ఆపరేషన్ అంటే కుట్లు ఉంటాయనుకున్నా. నా తమ్ముడి గొంతులో వేలు పట్టేంత చిల్లు ఉంటుందని ఎవరూ చెప్పలా. వాడు చిన్నప్పుడు ఎద్దుల్ని అదిలిస్తే పక్క ఊరికి వినపడేది. లోపలికెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఏడుపు ఆగేసరికి వాడు లేడు. మంచినీళ్ళ చెంబు పట్టుకుని బస్టాండు దాకా పోయాను. బస్సు వెళ్ళిపోయింది.

ఇప్పుడు గుంటూరు సంగతి. డాక్టరు వచ్చి, "ఆపరేషన్ చేస్తే ఆరు నెలలు ఉండొచ్చు, మెడకీ పొట్టకీ గొట్టాలుంటాయి, ఇక్కడే ఉండాలి" అన్నాడు. నేను చెయ్యమన్నాను. చెయ్యమనే అన్నాను ముబీనా, నమ్ము. మా అమ్మకి దక్కనిది వీడికన్నా దక్కాలని పట్టుబట్టాను. డాక్టరు వెళ్ళాక వీడు సైగ చేసి తన తుండుగుడ్డ అడిగాడు. చెమట తుడుచుకుంటాడేమోనని ఇచ్చాను. మా ఇద్దరి చేతుల మీదా కప్పాడు. వార్డు నిండా మనుషులు. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో గోటితో అడ్డంగా గీశాడు.

మొదట తెలియలేదు. నలభై ఏళ్ళయింది గదా నేను ఆ బేరాలు మరిచిపోయి. రెండోసారి గీశాడు. చాలు, ఇంటికి తోలుకుపో అని.

అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆమెకీ నోరు పడిపోయింది. అయినా ఒక చెయ్యి ఆడేది. ఆమె దళారి పెళ్ళాం, ఆ వేళ్ళ భాష మాకంటే బాగా వచ్చింది ఆమెకే. ఆ రోజు ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన ఉన్నది వీడొక్కడే. నేను రాకముందే ఇంటికి తీసుకుపొమ్మని ఉంటుంది. నేనొస్తే కదలనివ్వనని ఆమెకి తెలుసు.

"ఒరేయ్ హయాతూ, అమ్మ కూడా నీ చేతిలో ఇట్టాగే గీసిందా?" అని అడిగాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గానీ తల ఊపలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే మూసి గుప్పిట కట్టాడు. తల్లి కట్టిన గుప్పిట చచ్చేదాకా విప్పలేదు నా తమ్ముడు. నేను అన్ని మాటలంటే పడ్డాడు. ఆ పడటం నాకు ఇప్పుడు నిద్రపట్టనివ్వడం లేదు.

గీత పడ్డాక ఇంకో మాట ఉండదు. తాడు విప్పి ఇంటికి తోలుకొచ్చాను. ఆరు రోజులు నేనే నీళ్ళు తాగించాను. ఐదోరోజు వాకిట్లో మంచం వేయిస్తే, రోడ్డు మీద పోతున్న ఎడ్లను చూసి ఎన్ని వేళ్ళో పట్టి చెప్పాడు. నేను ఎక్కువ చెప్పాను. వాడు నవ్వాడు.

నువ్వు అందరి ముందూ అడిగినప్పుడు వాడిలాగే నోరు మూసుకున్నాను. అదే మర్యాద అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక భయమేసింది. వాడు కట్టిన గుప్పిట నేనూ కట్టుకు కూర్చుంటే నీకూ నాకూ మధ్య ఇంకో పన్నెండేళ్ళు పోతాయి. అన్నేళ్ళు నా దగ్గర లేవు. అందుకే విప్పాను. వాడు క్షమిస్తాడో లేదో నాకు తెలియదు.

ఒక పని చెయ్యి. మీ స్నేహితుల్ని మళ్ళీ కూర్చోబెట్టు. ఆటే అయినా సరే. ఈ మాట చేర్చి తీర్పు మళ్ళీ రాయించు. ఈసారి నా తరఫున నువ్వు మాట్లాడొద్దు, ఎవరూ మాట్లాడొద్దు. నేను ఓడిపోయానని రాయించు. వాడికి పెట్టినట్టే నాకూ ముప్పై రోజులు గడువు పెట్టించు. ఆ కాగితం తెలుగులో రాసి తీసుకురా. ఇద్దరం కబరస్తానుకి పోదాం. నువ్వు చదువు, నేను వాడి దగ్గర తప్పు ఒప్పుకుంటాను.

నీ అమ్మ
కరీమున్